పప్పుకట్టు కాదు, పప్పే పెట్టండి

మీ పాపకు ఐదున్నర నెలలనీ, ఈ ఎండలకు నీళ్లు, పప్పుకట్టు, కాసిని ఆవుపాలు మొదలుపెట్టమని మీ అత్తగారు అంటున్నారనీ, ఏ నెలలో ఏమి పెట్టాలో తేలడం లేదనీ రాశారు. నేను మల్కాజిగిరిలో ఉంటాను. మా అమ్మాయి, అల్లుడు ఇద్దరూ మాదాపూర్‌లో ఉద్యోగాలకు వెళ్తారు. మనవళ్లిద్దరికీ మొదటి ముద్ద నుంచి అన్నం పెట్టింది నేనే. మీ అత్తగారి వయసుదాన్నే కనుక ఆవిడ ఆదుర్దా కూడా నాకు తెలుసు.

ఇంకో పదిహేను రోజులు ఆగండమ్మా. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు చాలు, మే నెల ఎండల్లోనూ చాలు. తల్లిపాలలో నూటికి 87 పాళ్లకు పైగా నీరే. విడిగా నీళ్లు పడితే ఆ చిన్న పొట్ట నీళ్లతోనే నిండిపోయి పాలు తాగడం తగ్గుతుంది, ఆ నీళ్లు శుభ్రమైనవి కాకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. వేడిగా ఉన్న రోజున పాపకు మరో రెండుసార్లు పాలివ్వండి, నీళ్లు మీరు తాగండి.

మీ అత్తగారికి ఒక మాట చెప్పి చూడండి. ఆడపిల్లకు బేసి నెలలో కదా అన్నప్రాసన చేస్తాం. ఐదో నెల ఎలాగూ దాటిపోయింది. ఇక మిగిలింది ఏడో నెల, అంటే ఆరు నిండాక వచ్చేది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఆరు నెలలు నిండగానే ఇంట్లో వండిన మెత్తని ఆహారం మొదలుపెట్టమనే చెబుతున్నాయి. పంచాంగమూ డాక్టరూ ఒకే మాట చెబుతుంటే పెద్దవాళ్లు కాదనరు. ఆ రోజు పరమాన్నం పెదవికి తాకిస్తే చాలు. తేనె మాత్రం వద్దు. ఏడాది నిండని పిల్లలకు తేనె నాకిస్తే అందులో ఉండగల ఒక రకం సూక్ష్మజీవుల వల్ల ప్రాణం మీదికి వచ్చే జబ్బు చేయవచ్చు. ఈ ఒక్క విషయంలో ఎవరు నొచ్చుకున్నా సరే, గట్టిగా నిలబడండి.

ఇక నేను అందరికంటే ఎక్కువగా పట్టుబట్టేది ఆహారం చిక్కదనం గురించి. మన ఇళ్లలో పిల్లలకు అరగదేమోనన్న భయంతో పప్పు మీది తేట, పల్చటి జావ, అన్నం వార్చిన గంజి పడతారు. బిడ్డ పొట్ట నిండుతుంది, ఒంటికి పట్టేది మాత్రం ఉండదు. ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య పాలు కాక ఆహారం నుంచే రోజుకు సుమారు 200 కిలో కేలరీలు అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. తొమ్మిదో నెల నుంచి 300, ఏడాది దాటాక 550. ఈ లెక్క పప్పుకట్టుతో ఎన్నటికీ నిండదు. పప్పును మెత్తగా ఉడికించి, గుత్తితో మెదిపి, అన్నంలో కలిపి నెయ్యి వేసి పెట్టండి. చెంచా కొద్దిగా వంచినా ముద్ద జారిపోకుండా నిలవాలి. అంత చిక్కగా ఉండాలి.

మా ఇంట్లో మొదట పెట్టింది ఉగ్గే. మూడు వంతుల బియ్యానికి ఒక వంతు పెసరపప్పు తీసుకుని, కడిగి, ఆరబెట్టి, సన్నని సెగ మీద దోరగా వేయించి, కొద్దిగా జీలకర్ర చేర్చి రవ్వలా ఆడించుకుంటే డబ్బాలో పెట్టుకోవచ్చు. ఏ పూటకు ఆ పూట ఉడికించి, దించాక అర చెంచా నెయ్యి కలపండి. మొదటి రోజుల్లో రెండు మూడు చెంచాలు తింటే చాలు. అది కుదురుకున్నాక ఆలుగడ్డ, గుమ్మడి, క్యారెట్, అరటిపండు ఒక్కొక్కటే చేర్చుకుంటూ వెళ్లండి. ఒక కొత్త పదార్థం మొదలుపెట్టాక రెండు మూడు రోజులు చూసి ఇంకొకటి మొదలుపెడితే, ఏది పడలేదో తెలిసిపోతుంది. రాగి జావలో కాల్షియం బాగా ఉంటుంది, పెట్టండి. అయితే అదీ చిక్కగానే కాచాలి.

రెండోది ఇనుము. పుట్టినప్పుడు తెచ్చుకున్న నిల్వ ఆరో నెలకల్లా తరిగిపోతుంది. తల్లిపాలలో ఉండేది బహు తక్కువ. ఆవుపాలు ఇప్పుడే వద్దనడానికి కారణం కూడా ఇదే. వాటిలో ఇనుము దాదాపు లేదు, పైగా వాటితో కడుపు నిండిన బిడ్డ అన్నం ముట్టదు. ఏడాది నిండాక గ్లాసుతో పట్టవచ్చు. పెరుగన్నం మాత్రం ముందే పెట్టవచ్చు. మీరు మాంసాహారులైతే బాగా ఉడికించిన గుడ్డు, మెత్తగా మెదిపిన కోడి మాంసం ఏడో నెల నుంచే పెట్టండి. వారానికి ఒకసారి కోడి కార్జం చిన్న ముక్క పెట్టినా మంచిదే. మా చిన్న మనవడికి రాంనగర్ చేపల మార్కెట్ నుంచి కొర్రమీను తెప్పించేదాన్ని. ముళ్లు తక్కువే అయినా వేళ్లతో రెండుసార్లు వెతికాకే పెట్టాలి. శాకాహారులైతే పప్పు, తోటకూర, పాలకూర ఉడికించి మెదిపి రెండు చుక్కలు నిమ్మరసం పిండండి. ఆ పులుపు వల్ల ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఐరన్ చుక్కల గురించి కూడా డాక్టరును అడగండి.

మొదటిసారి ఉమ్మేసిందని ఏదీ మానకండి. మా చిన్న మనవడు తోటకూరను ఎన్నిసార్లు ఉమ్మాడో! ఒక్కో రుచి అలవాటు కావడానికి ఎనిమిది, పదిసార్లు పట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు. నోరు తిప్పుకుంటే ఆ పూటకు ఆపేయండి. ఫోను చూపించి, మరిపించి మింగించడం అస్సలు వద్దు.

ఎనిమిదో నెల నడుస్తుండగానే మిక్సీని పక్కన పెట్టేయాలి. చిన్న చిన్న పలుకులు నోటికి తగలకపోతే నమలడం ఆలస్యమవుతుంది. మెత్తటి ఇడ్లీ ముక్క, ఉడికిన క్యారెట్ చేతికిస్తే తనే నోట్లో పెట్టుకుంటుంది. ఒక్కోసారి ఓకరిస్తుంది, కంగారుపడకండి, అది సహజం. దగ్గుతోందంటే గాలి ఆడుతున్నట్టే. శబ్దం రాకుండా ముఖం రంగు మారితేనే ప్రమాదం. అందుకని తినేటప్పుడు కూర్చోబెట్టి, పక్కనే ఉండండి. పల్లీలు, పుట్నాలు, ద్రాక్ష పండ్లు గుండ్రంగా ఉన్నవి ఉన్నట్టు ఇవ్వకండి.

ఉప్పు ఏడాది వరకు, పంచదార రెండేళ్ల వరకు అక్కర్లేదు. మనకు చప్పగా అనిపించేది వాళ్లకు చప్పన కాదు. అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి ఇచ్చే బాలామృతం పిండి తెచ్చుకుంటే అందులో చక్కెర కలిసే ఉంటుంది, మళ్లీ వేయకండి. ఏడాది నిండాక ఇంట్లో వండినదే, కారం వేయకముందు తీసి పెట్టండి. మూడు నాలుగు పూటలు, మధ్యలో ఒక పండు. తల్లిపాలు రెండేళ్ల వరకు సాగనివ్వండి.

మీరు మళ్లీ ఉద్యోగానికి వెళ్లేటట్టయితే పిండిన పాలను వెంటనే ఫ్రిజ్‌లో పెట్టించండి. మన ఎండాకాలంలో బల్ల మీద వదిలేస్తే పనికిరావు.

తల్లీబిడ్డల కార్డులో నెలనెలా బరువు గుర్తు పెట్టించండి. పక్కింటి బిడ్డ ఎంత బొద్దుగా ఉందన్నది వదిలేసి ఆ గుర్తులను కలిపే గీతను చూడండి. పైకి పోతుంటే తక్కువ తిన్న రోజున బెంగపడనక్కర్లేదు. రెండు నెలలు వరుసగా గీత అడ్డంగానే ఉండిపోతే పిల్లల డాక్టరుకు చూపించండి.