వేళ్లు లెక్కపెడితే తిట్టకండి

ప్రశ్న: మా పాప రెండో తరగతి. 8+5 ఎంత అంటే ఇప్పటికీ వేళ్లు లెక్కపెడుతుంది. మిగతా పిల్లలు టకటకా చెప్పేస్తున్నారట. కూడికలు బట్టీ పట్టించమని టీచర్ అన్నారు. రోజూ పదేసి సార్లు రాయిస్తున్నా మర్నాటికి మర్చిపోతోంది, ఏడుస్తోంది. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ముందు ఆ రాయించడం ఆపండమ్మా. పదోసారి రాసేటప్పటికి చేయి నొప్పి తప్ప పాపకు ఇంకేం గుర్తుండదు. వేళ్లు వాడటం తప్పు కాదు. బడిలో చిన్న తరగతులకు చెప్పినన్నాళ్లూ, చేతులు బల్ల కింద పెట్టుకుని లెక్కపెట్టే పిల్లల్ని చూస్తే నాకు బాధేసేది. తిడితే మానరు, దాచుకుంటారు.

ఆ వేళ్లతోనే మొదలుపెట్టండి. "ఎనిమిది చూపించు" అనండి. ఒకటీ రెండూ అనుకోకుండా ఒక చెయ్యి మొత్తం, రెండో చేతిలో మూడు వేళ్లు ఒక్కసారే తెరవడం అలవాటు కావాలి. "మరి ముడిచినవెన్ని?" అని అడగండి. రెండు. ఎనిమిది పది కావాలంటే ఎన్ని కావాలో చేతిలోనే కనిపిస్తుంది. 9కి 1, 8కి 2, 7కి 3, 6కి 4, 5కి 5. ఇవి నోటికి వచ్చేదాకా వేరే కూడికల జోలికి పోవద్దు.

మీరు కూర తరుగుతున్నప్పుడు పాప ముందు పది చింతగింజలు పెట్టండి. కొన్ని గుప్పిట్లో దాచి, మిగిలినవి చూపించి, దాచినవెన్నో చెప్పమనండి. తర్వాత తను దాచాలి, మీరు చెప్పాలి. ఒక్కోసారి కావాలనే తప్పు చెప్పండి. మిమ్మల్ని సరిదిద్దడం పిల్లలకు ఎంత ఇష్టమో!

ఇక 8+5. సుద్దముక్కతో నేల మీద రెండు వరసల్లో ఐదేసి గళ్లు గీయండి. ఎనిమిది గళ్లలో గింజలు పెట్టి, ఐదు గింజలు పక్కన ఉంచండి. ఖాళీలు నింపమంటే రెండు లోపలికి వెళ్తాయి, బయట మూడు మిగులుతాయి. పదీ మూడూ పదమూడు. 13లోంచి 8 తీయడానికీ ఇదే దారి: ఎనిమిది నుంచి పదికి రెండు, అక్కణ్నుంచి మూడు, మొత్తం ఐదు. 8+5, 5+8 ఒకటేనని తెలిస్తే, ఒంటి అంకెల కూడికల్లో పది దాటేవి 20 మాత్రమే. అందులో 6+6 లాంటి జంటలు పిల్లలకు తేలిగ్గా వచ్చేస్తాయి. 6+6 వస్తే, దానికి ఒకటి కలిపితే చాలు, 6+7 వచ్చేస్తుంది.

రోజుకు పది నిమిషాలు మించొద్దు. గడియారం పెట్టి అడగొద్దు, చుట్టాల ముందు అసలే అడగొద్దు. జవాబు తప్పయినా ఒప్పయినా "ఎలా చేశావమ్మా?" అని అడిగి, చెప్పేది పూర్తిగా వినండి. ఎక్కడ తడబడుతోందో తనే చెప్పేస్తుంది.

టీచర్‌తోనూ ఒకసారి మాట్లాడండి. ఇంట్లో 8, 2 లాంటి, కలిపితే పది అయ్యే జతలు చేయిస్తున్నామని, కొన్నాళ్లు పాపను తొందరపెట్టకుండా గింజలో వేళ్లో వాడుకోనివ్వమని అడగండి.