ఆ స్వెట్టర్ సంగతి అడిగారా?

"మాది విజయనగరం. మావారు రిటైర్డ్ హెడ్మాస్టరు. ముప్పై ఏళ్ల మా అబ్బాయి అమెరికాలో మినియాపోలిస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. ఈ 2020 మే 25న అక్కడ ఒక పోలీసు ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి మెడ మీద మోకాలు పెట్టి ప్రాణం తీసిన దగ్గర్నుంచి ఊరంతా గొడవలే. పోలీస్ స్టేషన్‌నే తగలబెట్టేశారు. మావాడు ఊరేగింపులకి వెళ్తున్నాడు. ఒకపక్క కరోనా. వద్దంటే వినడు. మావారు ఫోన్లో కేకలేస్తారు, నాకు బీపీ పెరిగిపోతోంది. జనతా కర్ఫ్యూ ముందు రోజు ఉగాదికని రాజమండ్రి నుంచి వచ్చిన మా అమ్మాయి లాక్‌డౌన్లో ఇక్కడే ఇరుక్కుపోయింది. అదే నయమైంది, ఇల్లంతా అదే చూసుకుంటోంది. దానికి మతిమరుపు, మండుటెండల్లో పిల్లాడి స్వెట్టర్ కూడా సర్దుకొచ్చింది! మా అబ్బాయిని, విదేశాల్లో చిక్కుకున్నవాళ్లని తీసుకొచ్చే వందే భారత్ విమానమెక్కి వచ్చేయమని ఒట్టు వేయించుకోమంటారా?"

అమ్మా, నాలుగు పేజీల మీ ఉత్తరాన్ని కుదించి పైన వేశాను. అడిగినదానికి ముందు జవాబు చెప్పేస్తాను. వద్దు. ఒట్లూ వద్దు, ఏడుపులూ వద్దు. అమెరికా కాన్సులేట్లు మార్చి నుంచి మామూలు వీసా పనులు ఆపేశాయి. ఇప్పుడు వచ్చేస్తే మళ్లీ వెళ్లడం అతని చేతిలో ఉండదు. మాస్కు తీయొద్దనండి, కర్ఫ్యూ పెడితే ఆ వేళకి ఇంట్లో ఉండమనండి, అంతవరకే. ఇంకొకడి ప్రాణం పోయిందని రోడ్డెక్కిన కొడుకుని చూసి, ముప్పై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పిన తండ్రి కేకలేయడమేమిటి? పక్కింటికి క్వారంటైన్ బోర్డు తగిలిస్తే పాలవాణ్ని కూడా ఆ గుమ్మం తొక్కనివ్వని వాళ్లం మనం. మీ అబ్బాయి మనకంటే నయం.

ఇక అసలు సంగతికొస్తాను. నాలుగు పేజీల్లో మూడున్నర అబ్బాయి గురించే. అమ్మాయికి దక్కింది ఆరు లైన్లు. ఆ ఆరు లైన్లు చదివాక నాకు మినియాపోలిస్ గుర్తు రాలేదు.

ఆమె దినచర్య మీరే రాశారు, మెచ్చుకుంటున్నాననుకుని. ఐదింటికి లేచి కాఫీ. ఎనిమిదింటికి టిఫిన్. మధ్యాహ్నం పప్పూ, కూరా, చారూ. నాలుగింటికి నాన్నగారికి టీ. రాత్రి మళ్లీ చపాతీలు, ఆయనకి షుగరు కదా. మార్చిలోనే పనిమనిషిని రావద్దన్నారు కాబట్టి గిన్నెలూ ఆమెవే. (పనిమనిషికి జీతం ఇస్తున్నారో లేదో రాయలేదు. ఇవ్వండి.) ఈ ఏడాది ముక్కలు కొట్టేవాడు రాలేదని ఆవకాయకి కాయలు కూడా ఆమే కొట్టింది. రాత్రి తొమ్మిదింటికి అబ్బాయి ఫోన్ రాగానే మీరిద్దరూ హాల్లో కూర్చుంటారు. అప్పటికి ఆమె ఎక్కడుంటుందో మీ ఉత్తరంలో లేదు.

"ఇరుక్కుపోయింది" అన్నారు. అమ్మా, మన ఆర్టీసీ బస్సులు మే 21 నుంచి తిరుగుతున్నాయి. జూన్ కూడా అయిపోవస్తోంది. రాజమండ్రి వెళ్లాలనుకున్న మనిషికి దారి దొరికి నెల దాటింది. ఆమె వెళ్లలేదు. అల్లుడుగారు రమ్మనలేదు. "ఆయనకి తీరికుండదు, ఫోన్ చేసి చాన్నాళ్లయింది" అని దాన్ని కూడా బ్రాకెట్లో పెట్టి దాటేశారు. ఆ బ్రాకెట్ విప్పి చూడండి.

పైగా ఆ స్వెట్టర్. ఉగాదికి నాలుగు రోజులుండిపోదామని విజయనగరం వచ్చే ఆడపిల్ల, పిల్లాడి స్వెట్టర్ ఎందుకు సర్దుకుంటుంది? అది మతిమరుపు కాదు. చలికాలానికి కూడా తిరిగి వెళ్లనేమోనని గుర్తుపెట్టుకుని సర్దుకున్న పెట్టె అది.

కోపంగా రాస్తున్నానని మీకు అనిపిస్తుంది. నిజమే. పెళ్లయిన మూడో ఏట ఒక వేసవిలో నేనూ ఇలాగే మా పుట్టింట్లో దిగాను. అమ్మ పక్కనే కూర్చుని నలభై రోజులు ఊరగాయలు పెట్టాను, వడియాలు పెట్టాను. "ఏమైందే?" అని అడుగుతుందేమోనని రోజూ ఎదురుచూశాను. ఆమె అడగలేదు. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని భయపడి ఉంటుంది. ఆఖరికి ఒక జాడీ ఆవకాయ చేతికిచ్చి బస్సెక్కించింది. ఇప్పటికీ ఆ జాడీ నా దగ్గరుంది. మా అమ్మ మీద నాకు కోపం లేదు. కానీ మీరు ఆవిడలా చేయకండి.

అక్కడేం జరిగిందో అది మీ అమ్మాయి నోటి నుంచే రావాలి. మాటా మాటా పెరిగిందో, అతని ఉద్యోగం పోయిందో, చెయ్యే చేసుకున్నాడో మీరు ఊహించకండి, చుట్టాల్ని ఆరా తీయకండి. ముఖ్యంగా మీవారి ముందు అడగకండి. హెడ్మాస్టరుగారు వెంటనే అల్లుడికి ఫోన్ చేసి "మా అమ్మాయి తప్పేమైనా ఉంటే క్షమించండి" అనే రకంలా ఉన్నారు. "ఎప్పుడెళ్తున్నావ్?" అని పొరపాటున కూడా అనకండి. రేపట్నుంచి పొద్దున్న కాఫీ మీరు కలపండి, ఆమెని పడుకోనివ్వండి. ఒక రాత్రి డాబా మీద పక్కలేసుకున్నప్పుడు, పిల్లాడు నిద్రపోయాక, "ఎన్నాళ్లైనా ఉండమ్మా, ఇది నీ ఇల్లే" అని ఒక్కసారి అనండి. అని ఊరుకోండి. ఆ రాత్రే చెప్పకపోవచ్చు. వారం పట్టొచ్చు.

దెబ్బలని తెలిస్తే మాత్రం పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి సర్దుబాటు చేద్దామని చూడకండి. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. 2005 గృహహింస చట్టం అలాంటి ఆడపిల్లకి రక్షణ అడిగే హక్కూ, భర్త ఇంట్లోనే ఉండే హక్కూ ఇచ్చింది. పరువు మాట తర్వాత చూసుకోవచ్చు.

ఇవాళ రాత్రి తొమ్మిదింటికి అబ్బాయి ఫోనొస్తే మీవారికిచ్చేసి మీరు లేచి రండి. ఆ స్వెట్టర్‌ని ఇంకా పెట్టె అడుగునే ఉంచారేమో. తీసి మడతపెట్టి, బీరువాలో మీ చీరల పక్కన ఒక అర ఖాళీ చేసి, మనవడి బట్టలన్నీ అందులో సర్దండి. ఆమె చూస్తుండగా సర్దండి.