ఫీజు, ఇల్లు, ఆపద: మూడింటికీ ఒకే ఖాతా వద్దు

ప్రశ్న: నా వయసు 27. ఉద్యోగం చేస్తూ సాయంత్రం తరగతుల్లో పీజీ చదువుతున్నాను. కోర్సు పూర్తవడానికి ఇంకా రెండేళ్లు పడుతుంది, నాలుగు సెమిస్టర్ల ఫీజు కట్టాలి. ఐదేళ్లలో సొంత ఇల్లు కొనుక్కోవాలని కోరిక. ప్రతి నెలా జీతంలో ఐదో వంతు పక్కన పెడుతున్నా ఖాతాలో ఏమీ మిగలడం లేదు. పోయిన సెమిస్టర్‌లో వైద్య ఖర్చు మీద పడటంతో ఫీజును క్రెడిట్ కార్డుతో కట్టాను. దానికి నెలకు 3 శాతం వడ్డీ పడుతోంది. చదువు ఆపేసి ఆ డబ్బును ఇంటికి మళ్లించాలా? వారాంతాల్లో అదనపు షిఫ్టులు చేయాలా? అద్దె కట్టడం దండగ, ఇప్పుడే కొనేయమని తోటి ఉద్యోగి అంటున్నారు. షేర్లలో పెట్టమని మరొకరు చెబుతున్నారు. ఏమి చేయమంటారు?

సమాధానం: చదువు ఆపకండి. ముందుగా ఈ మాట చెప్పడానికి కారణం ఉంది. మీ ఉత్తరంలోని అంకెలన్నీ వరుసగా పేర్చి చూస్తే, ఇంటికి అడ్డు వస్తున్నది చదువు కాదని తెలుస్తోంది. ఫీజు, ఆపద ఖర్చు, ఇంటి పొదుపు ఒకే ఖాతాలో కలిసిపోవడమే అసలు చిక్కు.

మీలాంటి పరిస్థితిలో ఉన్న ఇతర పాఠకులకూ ఉపయోగపడాలని మీ లెక్కలను జీతంలో పాళ్లుగా మార్చాను. నెలకు చేతికి వచ్చే జీతం 100 పాళ్లు అనుకుంటే, అద్దెకు 28, ఇతర ఖర్చులకు 47, కార్డు బాకీకి 5 పోతున్నాయి. మిగిలిన 20 పాళ్లను మీరు ‘ఇంటి పొదుపు’ అంటున్నారు. కానీ సెమిస్టర్ ఫీజు మీ జీతంలో 60 పాళ్లు. ఆరు నెలలకు ఒకసారి 60 అంటే నెలకు 10. కాబట్టి ఆ 20లో సగం మొదటి రోజు నుంచే ఫీజుది. మీరు ఇంటి కోసం దాస్తున్నది నిజానికి 10 పాళ్లే. అది తక్కువేమీ కాదు. ఉద్యోగం, చదువు రెండూ మోస్తూ పదో వంతు మిగల్చడం చాలామందికి సాధ్యం కాదు. అయితే ఆ 10 పాళ్లు ఎక్కడ ఉన్నాయో మీకే కనిపించడం లేదు. అందుకే ఫీజు కట్టిన ప్రతిసారీ ఇల్లు దూరమైనట్లు అనిపిస్తోంది.

ఈ నెలలోనే మరో రెండు ఖాతాలు తెరవండి. ఒకటి ఫీజుకు, ఒకటి ఆపదకు, పాతది ఇంటికి. జీతం పడిన మర్నాడే ఫీజు ఖాతాలోకి 10 పాళ్లు వాటంతట అవే వెళ్లిపోయేలా బ్యాంకుకు సూచన ఇచ్చేయండి. నెలాఖరున మిగిలినది వేద్దామనుకుంటే మిగలదు.

ఇక కార్డు బాకీ. 60 పాళ్ల ఆ ఒక్క సెమిస్టర్ ఫీజును మీరు నెలకు 5 చొప్పున తీరుస్తున్నారు. ఇదే వేగంతో వెళ్తే బాకీ తీరడానికి 16 నెలలు పడుతుంది, అప్పటికి మీరు కట్టిన మొత్తం 75 పాళ్లు దాటుతుంది. అంటే ఒక ఫీజు మీద పావు వంతు అదనం. అదే ఇప్పుడు ఇంటికని దాస్తున్న 10 పాళ్లనూ దీనికి కలిపి నెలకు 15 కడితే ఐదో నెలలో బాకీ తుడిచిపెట్టుకుపోతుంది. నెలకు 3 శాతం అంటే చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం పైమాటే. ఏ డిపాజిట్టూ, ఏ నిజాయితీ గల పథకమూ మీకు ఖాయంగా అంత రాబడి ఇవ్వదు. అందుకే ఈ ఐదు నెలలు ఇంటి ఖాతాలో ఒక్క పాలు కూడా వేయకండి. మనసుకు కష్టంగా ఉంటుందని తెలుసు. అయినా ఇల్లు కొనే దారిలో మీరు వేయగల అతి పెద్ద అడుగు ఇదే. రేపు గృహ రుణం ఇచ్చే బ్యాంకు మీ పాత చెల్లింపుల చరిత్ర తిరగేస్తుంది. ఆలస్యం లేకుండా తీరిన బాకీ అక్కడ మీకు మేలు చేస్తుంది.

ఆరో నెల నుంచి ఆ 15 పాళ్లలో 13 ఆపద ఖాతాకు, 2 ఇంటి ఖాతాకు వేయండి. మీ అద్దె, ఇతర ఖర్చులు కలిపి నెలకు 75. మూడు నెలలకు 225. నెలకు 13 చొప్పున 18 నెలల్లో ఆ మొత్తం సమకూరుతుంది, అంటే దాదాపు మీ కోర్సు ముగిసే నాటికి. పోయినసారి వైద్య ఖర్చు వచ్చినప్పుడు ఈ ఖాతా ఉండి ఉంటే ఫీజు కార్డు మీదకు ఎక్కేది కాదు. ఇంటికి 2 పాళ్లు మరీ తక్కువ కదా అనిపించవచ్చు. ఆ ఖాతా ఖాళీగా కనిపిస్తే ఆశ సన్నగిల్లుతుంది, అందుకే ఆ రెండు.

చదువు ఆపితే ఏమవుతుందో ఇప్పుడు చూద్దాం. రెండేళ్లలో మీకు మిగిలేది 240 పాళ్లు. చదువు పూర్తయితే జీతం 25 నుంచి 30 శాతం పెరుగుతుందని మీరు రాశారు. నేను అంత లెక్కలోకి తీసుకోను, 15 అనుకుందాం. కోర్సు తరవాతి మూడేళ్లలోనే అది 540 పాళ్లు. ఇల్లు కొన్నాక కూడా ఆ పెరుగుదల ఏళ్ల తరబడి మీతోనే ఉంటుంది, వాయిదాలు కట్టేది కూడా దానితోనే. ఒక షరతు మాత్రం ఉంది. ఈ పట్టాతో జీతం నిజంగా పెరుగుతుందని మీరు రూఢి చేసుకోవాలి. అదే కోర్సు పూర్తి చేసిన సీనియర్లతో మాట్లాడండి. మీ సంస్థలో పదోన్నతికి ఆ పట్టా అవసరమో కాదో మానవ వనరుల విభాగాన్ని అడగండి. అడుగుతూనే, ఫీజులో కొంత సంస్థ భరిస్తుందా అని కూడా కనుక్కోండి. చాలా సంస్థల్లో ఆ వెసులుబాటు ఉన్నా అడిగేవారు తక్కువ. భరిస్తామంటే ఎన్నాళ్లు అక్కడే పనిచేయాలని షరతు పెడుతున్నారో చదివాకే సంతకం చేయండి.

అదనపు షిఫ్టుల విషయంలో మీ తపన నాకు అర్థమైంది. వాటితో నెలకు 8 పాళ్లు వస్తాయని రాశారు. ఒక సెమిస్టర్ కాలానికి 48 పాళ్లు. ఆ అలసటతో ఒక సెమిస్టర్ తప్పిందనుకోండి. మళ్లీ 60 పాళ్ల ఫీజు. పట్టా ఆరు నెలలు ఆలస్యం కాబట్టి రావలసిన పెరుగుదల ఆరు నెలలపాటు, నెలకు 15 చొప్పున 90 పాళ్లు పోతుంది. మొత్తం నష్టం 150. అంటే తప్పే అవకాశం మూడింట ఒక వంతు ఉన్నా షిఫ్టుల సంపాదన మొత్తం దానికే చెల్లు. వారమంతా ఉద్యోగం, సాయంత్రాలు తరగతులు, మిగిలిన రెండు రోజులూ షిఫ్టులు అయితే చదువుకునే సమయం ఎక్కడిది? సెలవుల్లో, పరీక్షలు లేని నెలల్లో చేయండి. పరీక్షలకు ముందు రెండు నెలలు మాత్రం వద్దు. నిద్రను తాకట్టు పెట్టి సంపాదించమని మీకు నేను సలహా ఇవ్వలేను. చేసిన షిఫ్టుల డబ్బు మీ జీతం ఖాతాలోనే పడాలి, పన్ను లెక్కల్లో చూపాలి. కాగితం మీద లేని ఆదాయాన్ని రుణమిచ్చేవారు లెక్కలోకి తీసుకోరు.

‘అద్దె దండగ’ అన్న మాట గురించి. అది వినడానికి న్యాయంగానే ఉంటుంది, కానీ మీ విషయంలో లెక్క కుదరదు. మీరు చెప్పిన ఇంటి ధర మీ 40 నెలల జీతం, అంటే 4,000 పాళ్లు. పది శాతం సొంతంగా పెట్టి 90 శాతం అప్పు తెచ్చారనుకుందాం. 3,600 పాళ్లకు 8 శాతం వడ్డీతో 20 ఏళ్లకు నెలవారీ వాయిదా 30 పాళ్లు పడుతుంది. ఇప్పటి అద్దె 28 కదా, రెండే ఎక్కువ అనిపిస్తుంది. కానీ ఆ పది శాతమూ మీ దగ్గర లేదు. దానిపైన రిజిస్ట్రేషన్, పన్నులు, న్యాయ పరిశీలన, సామాను తరలింపు వంటివాటికి ధరలో 8 శాతం వేసుకున్నా మొత్తం 720 పాళ్లు కావాలి. దాన్ని వ్యక్తిగత రుణంగా 14 శాతానికి ఐదేళ్లకు తెస్తే నెలకు ఇంకో 17 పాళ్లు. రెండు వాయిదాలు, ఇతర ఖర్చులు, ఫీజు, కార్డు బాకీ కలిపి నెలకు 109. జీతం 100. నిర్వహణ ఖర్చులు, ఇంటి పన్ను ఇంకా కలపనే లేదు.

పైగా మొదటి ఏడాది గృహ రుణానికి మీరు కట్టే 361 పాళ్లలో 285 వడ్డీకే పోతుంది. అసలులో తగ్గేది 76 మాత్రమే. అద్దె తిరిగి రాదన్నది నిజమే, ఈ వడ్డీ కూడా తిరిగి రాదు. మీ తోటి ఉద్యోగి చెడు కోరి చెప్పి ఉండరు. చేతిలో డౌన్ పేమెంట్ సిద్ధంగా ఉన్నవారికి ఆ సలహా సరిపోవచ్చు.

షేర్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఐదేళ్లలో, ఒక నిర్దిష్టమైన పనికి కావలసిన డబ్బు అక్కడ ఉండకూడదు. అమెరికాలోని 500 పెద్ద కంపెనీల షేర్ల తీరును చూపే ఎస్ అండ్ పీ 500 సూచీ 2007 అక్టోబరు నుంచి 2009 మార్చి మధ్య సగానికి పైగా పడిపోయింది. మళ్లీ పాత స్థాయిని అందుకున్నది 2013లో. సగం పోయిన సొమ్ము పూర్వస్థితికి రావాలంటే రెట్టింపు కావాలి. అంతకాలం ఆగగలిగే డబ్బుకు షేర్లు మంచివే, పదవీ విరమణ పొదుపుకు నేనే సూచిస్తాను. ఇంటి డౌన్ పేమెంట్ మాత్రం బ్యాంకు డిపాజిట్ల వంటి చోట, అసలుకు ముప్పు లేకుండా ఉండాలి.

మరి ఐదేళ్లలో ఇల్లు సాధ్యమేనా? కోర్సు అయ్యాక ఫీజు 10 పాళ్లు ఖాళీ అవుతాయి. కార్డుకు పోయిన 5, ఇప్పటి 10 ఎలాగూ మీ చేతిలో ఉంటాయి. జీతం 15 పెరిగితే అందులో 5 మీ కోసం ఖర్చు చేసుకోండి. ఇన్నాళ్లు బిగపట్టినవారికి అది అవసరం. మిగిలిన 10 పొదుపులో కలపండి. మొత్తం నెలకు 35. ఏడాదికి 5 శాతం వడ్డీతో మూడేళ్లకు సుమారు 1,355 పాళ్లు అవుతుంది. మొదటి దశలో నెలకు 2 చొప్పున వేసినవి కలిపితే 1,390 దాటుతుంది. ఇంటి ధర ఏటా 4 శాతం పెరిగితే ఐదేళ్లకు 4,867 పాళ్లు. అందులో 20 శాతం డౌన్ పేమెంట్, 8 శాతం ఇతర ఖర్చులు కలిపి 1,363. అందుతుంది. మిగిలిన 80 శాతానికి 20 ఏళ్ల రుణం అయితే 8 శాతం వడ్డీతో వాయిదా 33 పాళ్ల లోపే. అప్పటి 115 పాళ్ల జీతంలో అది మూడో వంతు కన్నా తక్కువ. ఆ హద్దు దాటవద్దని నా గట్టి సలహా. అద్దె కడుతూనే మూడేళ్లపాటు నెలకు 35 పక్కన పెట్టినవారికి ఆ వాయిదా కొత్త బరువు అనిపించదు.

వాయిదా తగ్గుతుందని 30 ఏళ్లకు ఒప్పుకోకండి. 8 శాతం వడ్డీకి 20 ఏళ్లలో కట్టే మొత్తం వడ్డీ దాదాపు అసలుకు సమానం. 30 ఏళ్లకు అది అసలుకు ఒకటిన్నర రెట్లు మించుతుంది. వాయిదాలో తగ్గేది మాత్రం ఎనిమిదో వంతే.

ఉద్యోగం మారే ఆలోచన ఉంటే పట్టా చేతికి రాగానే మారండి. రుణానికి దరఖాస్తు చేసే ముందు ఏడాదిలో మారడం మంచిది కాదు. అప్పుడు మీ ఆదాయం నిలకడ మీద ప్రశ్నలు వస్తాయి. ఆ ఏడాదే వాహన రుణం లాంటివీ పెట్టుకోకండి. ఆ వాయిదాను మీ స్తోమతలోంచి తీసేసి మిగిలిన దానికే గృహ రుణం ఇస్తారు.

ధరలు నేను వేసిన 4 శాతం కన్నా వేగంగా పెరగవచ్చు, జీతం పెరగడం ఆలస్యం కావచ్చు. అలా జరిగితే కొనుగోలును ఆరు నెలలో ఏడాదో వాయిదా వేయండి, లేదా కొంచెం చిన్న ఇల్లు చూడండి. లోటు పూడ్చడానికి ఆపద ఖాతాలోని 225 పాళ్లను డౌన్ పేమెంట్‌లో కలపాలని మాత్రం ఎవరు చెప్పినా వినకండి. కొత్త ఇంట్లోకి మారిన మొదటి నెలల్లోనే అనుకోని మరమ్మతులు, సామాను ఖర్చులు వచ్చి పడతాయి. వాయిదా తేదీ వాటి కోసం ఆగదు.