తాతయ్య ఎక్కిన రైలు

ప్రశ్న: చిన్నప్పుడు ద్రాక్షారామంలో రైలెక్కి కోటిపల్లి తీర్థానికి వెళ్ళానని మా తాతయ్య చెప్పేవారు. ఆ లైను వేసింది 2004లో కదా! ఆయన కోతలు కోశారని నేనంటే అమ్మ ఒప్పుకోవడం లేదు. ఎవరిది నిజం?
– ఒక పాఠకుడు, రామచంద్రపురం

జవాబు: ముందు అమ్మగారికి క్షమాపణ చెప్పండి బాబూ. 2004లో మీరు చూసింది రెండో రైలు. మొదటిది 1928లోనే వచ్చింది. కాకినాడ నుంచి మీ ఊరు, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి దాకా సుమారు 45 కిలోమీటర్లు. అక్కడ గోదావరి అడ్డం. కోనసీమ వెళ్ళాలంటే రేవులో పడవెక్కి ముక్తేశ్వరం చేరాల్సిందే.

ఆ రైలు పన్నెండేళ్ళే నడిచింది పాపం. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, ఇనుము కావాల్సొచ్చింది. 1940లో బ్రిటిష్ ప్రభుత్వం లైను మూసేసి పట్టాలు పీకించేసింది. తాతయ్యగారు ఏ సంవత్సరంలో పుట్టారో ఓసారి లెక్క చూసుకోండి, సరిపోతుంది.

మా అమ్మమ్మగారి ఊరు ఆ దారిలోదే. నా చిన్నతనానికి పట్టా లేదు, రైలూ లేదు, పేరు మాత్రం 'రైలు కట్ట'. వానలకి చేలు మునిగితే ఊరంతా దాని మీదే నడక. ఎండాకాలం ధాన్యం ఆరబోసేవాళ్ళు. ఒకసారి అమ్మమ్మ "స్టేషన్ దగ్గర దూడ మేస్తోంది, తోలుకురా" అంది. వెళ్ళి, స్టేషనంటూ ఏదీ కనబడక ఉత్త చేతులతో తిరిగొచ్చాను. తిట్టుకుంటూ తనే నన్ను వెంటబెట్టుకెళ్ళింది. తుమ్మ చెట్ల మధ్య మూడు మెట్లు, మోకాలెత్తు ఇటుక అరుగు. "ఇదేరా స్టేషను" అంది. దూడ ఆ అరుగు మీదే పడుకుని ఉంది.

ఆ లైను మళ్ళీ తేవాలని పట్టుబట్టిన వారిలో అమలాపురం ఎంపీ, లోక్‌సభ స్పీకర్ బాలయోగి ముఖ్యులు. 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు, రైలు చూడకుండానే. రైలు పోయిన 64 ఏళ్ళకి ఒంటి పెట్టె రైల్‌బస్సు వచ్చింది. సరదా కొద్దీ నేనూ ఎక్కాను. గేటు వచ్చినప్పుడల్లా బండి ఆగేది. సిబ్బందిలో ఒకాయన దిగి గేటు వేసేవాడు, బండి దాటాక తీసేవాడు, మళ్ళీ వచ్చి ఎక్కేవాడు. పక్క రోడ్డు మీద బొండాల గెలలు కట్టుకున్న సైకిలాయన రెండు గేట్ల దగ్గర మమ్మల్ని దాటేశాడు.