ఉద్యోగం అడిగే ప్రొఫైల్‌కి క్లయింట్లు రారు

ప్రశ్న: విజయవాడలో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర నాలుగేళ్లు పనిచేశాను. ఎక్కువగా ఆటోనగర్ స్పేర్ పార్ట్స్ షాపుల జీఎస్టీ రిటర్నులు, టాలీ అకౌంట్లు చూసేదాన్ని. బీకామ్ అయింది, సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ) ఇంటర్ ఒక గ్రూపు పాసయ్యాను. ఇప్పుడు దూరవిద్యలో ఎంకామ్ చదువుతూ, ఇంటి నుంచే సొంతంగా పనులు చేసుకుందామని లింక్డ్‌ఇన్‌లో ప్రొఫైల్ పెట్టాను. ఏడాది దాటినా ఒక్క క్లయింట్ రాలేదు. లింక్ పంపుతున్నాను, ఏం మార్చాలో చెప్పండి.

జవాబు: మీ ప్రొఫైల్ మొత్తం చదివానమ్మా. రాసినవన్నీ నిజాలే, అక్షర దోషం కూడా లేదు. కానీ అది హెచ్‌ఆర్ వాళ్ల కోసం రాసిన రెజ్యూమే. పేరు కింద ‘సీఏ ఇంటర్ | టాలీ | జీఎస్టీ | ఎక్సెల్ | సీకింగ్ ఆపర్చునిటీస్’ అని పెట్టారు. ఫొటో చుట్టూ ‘ఓపెన్ టు వర్క్’ పచ్చ రింగు ఉంది. ఇది చూసిన వ్యాపారి, ఈ అమ్మాయి ఉద్యోగం వెతుక్కుంటోంది, రేపు దొరికితే నా లెక్కలు మధ్యలో వదిలేస్తుంది అనుకుంటాడు. ముందు ఆ రింగు తీసేయండి. దాని బదులు ‘ప్రొవైడింగ్ సర్వీసెస్’ అనే ఆప్షన్ ఉంటుంది, అది ఉచితమే. మీరు చేసే పనులు, ఊరు అందులో నింపండి.

ఇక హెడ్‌లైన్. 220 అక్షరాల దాకా రాసుకోవచ్చు కానీ, సెర్చ్‌లోనూ కామెంట్ల దగ్గరా కనిపించేది మొదటి కొన్ని మాటలే. ఆ కాస్త చోటులో ఎవరికి, ఏం చేస్తారో తెలియాలి. నేనైతే ఇలా పెడతాను: ‘ఆటో స్పేర్ పార్ట్స్ షాపులకు జీఎస్టీ రిటర్నులు, 2బీ రీకన్సిలియేషన్, టాలీ అకౌంట్లు | విజయవాడ’. (2బీ అంటే సప్లయర్లు ఎక్కించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే లిస్టు, దాన్ని మన బిల్లులతో సరిచూడటమే రీకన్సిలియేషన్.) ఒక్క రకం వ్యాపారానికే పరిమితమైతే మిగతా వ్యాపారాల వాళ్లు రారేమో అని టెన్షన్ పడకండి. హార్డ్‌వేర్ షాపాయన కూడా ‘ఈమెకి షాపు లెక్కలు తెలుసు’ అనే అనుకుంటాడు. అన్నీ చేస్తాం అని రాసేవాళ్లు లింక్డ్‌ఇన్‌లో కోకొల్లలు.

సీఏ ఇంటర్ మాత్రం హెడ్‌లైన్ మొదట్లో వద్దు. తొందరలో చదివేవాళ్లకు మీరు సీఏ అనిపిస్తుంది. సీఏల సంస్థలో మెంబర్ కానివాళ్లు చార్టర్డ్ అకౌంటెంట్‌నని చెప్పుకోవడం 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం కింద నేరం. మీరు ఆ పని చేయలేదు, కానీ అనుమానానికి కూడా తావివ్వకూడదు. చదువు సెక్షన్‌లో పెట్టుకోండి.

‘అబౌట్’లో ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. 2,600 అక్షరాల చోటు ఉన్నా, ‘సీ మోర్’ నొక్కకముందు కనిపించేది మూడు నాలుగు లైన్లు. మీరు ‘నేను కష్టపడి పనిచేసే, డెడికేటెడ్ అకౌంట్స్ ప్రొఫెషనల్‌ని’ అని మొదలుపెట్టారు. షాపు ఓనర్‌కి అందులో పనికొచ్చేది ఏముంది? ఆయన బెంగ వేరు. సప్లయర్ రిటర్న్ వేయకపోతే తన ఇన్‌పుట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుకు దొరికే క్రెడిట్) పోతుంది. నోటీసు వస్తే ఎవరిని అడగాలో తెలియదు. లెక్కలు అప్పగించిన మనిషి 20వ తేదీ దగ్గరపడితే ఫోన్ ఎత్తడు. అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఉదాహరణకు: ‘ప్రతి నెలా 14న జీఎస్‌టీఆర్-2బీ వస్తుంది, 20లోగా నెలవారీ రిటర్న్ 3బీ వేయాలి. ఈ మధ్యలో మీ కొనుగోలు బిల్లులన్నీ 2బీతో సరిచూసి, ఏ సప్లయర్ బిల్లు ఎక్కించలేదో మీకు లిస్టు పంపుతాను. వాళ్లకు ఫోన్ చేసేది మీరైనా సరే, నేనైనా సరే.’ నాలుగేళ్లుగా మీరు చేసిన పని ఇదే కదా! దాన్ని ప్రొఫైల్‌లో ‘జీఎస్టీ’ అనే ఒక్క ముక్కలో కుదించేశారు.

ఒక విషయం సూటిగా చెప్పాలి. ఆటోనగర్ షాపు ఓనర్లలో ఎక్కువ మంది లింక్డ్‌ఇన్ చూస్తూ కూర్చోరు. వాళ్ల దగ్గరికి పని నోటి మాట మీద, వాట్సాప్ మీదే వెళ్తుంది. అయితే ఎవరో మీ పేరు చెప్పాక, చదువుకుని వచ్చి షాపు చూసుకుంటున్న కొడుకో కూతురో మీ పేరు గూగుల్‌లో కొడతారు. అప్పుడు ఈ ప్రొఫైల్ మీ తరఫున మాట్లాడుతుంది. నేరుగా లింక్డ్‌ఇన్‌లోనే దొరికే క్లయింట్లు వేరే రకం: నెలవారీ రిటర్నుల పని బయటికిచ్చే సీఏ ఆఫీసులు, హైదరాబాద్‌లో కొత్తగా కంపెనీ పెట్టినవాళ్లు. కనెక్షన్ రిక్వెస్టులు వీళ్లకు పంపండి, రెండు వాక్యాల నోటుతో. ఆ నోటులోనే పని అడిగేయొద్దు.

ఇంకొకటి, అన్నిటికన్నా ముఖ్యం అనుకుంటాను. మీరు జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా (వ్యాపారుల తరఫున రిటర్నులు వేసేందుకు ప్రభుత్వ గుర్తింపు ఉన్నవాళ్లు) నమోదు కాలేదు. కామర్స్ డిగ్రీ ఉంది కాబట్టి అర్హత ఉంది. జీఎస్టీ పోర్టల్‌లో పీసీటీ-01 ఫారం పెట్టాలి, నాసిన్ (కేంద్ర ప్రభుత్వ పరోక్ష పన్నుల శిక్షణ సంస్థ) నిర్వహించే పరీక్ష పాసవ్వాలి. ఎంకామ్ పుస్తకాలు చేతిలో ఉన్న ఈ సమయంలోనే అది కూడా ముగించేయండి. నమోదయ్యాక పోర్టల్‌లో ‘లొకేట్ జీఎస్టీ ప్రాక్టీషనర్’ దగ్గర వెతికేవాళ్లకు మీ పేరు కనబడుతుంది. హెడ్‌లైన్‌లో కూడా ధైర్యంగా రాసుకోవచ్చు.

పోస్టులు రోజూ పెట్టక్కర్లేదు, మంచిది నెలకు ఒకటి చాలు. 2025 సెప్టెంబర్ 22న ఆటో విడిభాగాల మీద 28 శాతం ఉన్న పన్ను 18కి దిగింది కదా. ‘28 కట్టి కొన్న పాత సరుకు 18కి అమ్మితే తేడా ఏమవుతుంది?’ అని ఆటోనగర్ మొత్తం అడిగిన ప్రశ్న. కట్టిన పన్ను పోర్టల్‌లోని క్రెడిట్ లెడ్జర్‌లోనే (క్రెడిట్ జమయ్యే ఖాతాలోనే) ఉంటుందని, తర్వాతి అమ్మకాల పన్నుకు వాడుకోవచ్చని పది లైన్లలో రాసి ఉంటే, ఎందరో షేర్ చేసుకునేవాళ్లు. ఈసారి ఏ మార్పు వచ్చినా మీ లైనులో మొదటి పోస్టు మీదే కావాలి. కానీ నమూనా కోసమని ఎవరి రిటర్న్ స్క్రీన్‌షాటూ పెట్టకండి, జీఎస్టీ నంబర్ చెరిపేసినా సరే. లెక్కలు బయటపెట్టే మనిషికి ఎవరూ లెక్కలివ్వరు.

రికమెండేషన్లు మీకు సున్నా ఉన్నాయి. ఎండార్స్‌మెంట్లు (నైపుణ్యాలకు ఒక్క క్లిక్కుతో ఇచ్చే మెచ్చుకోళ్లు) ఎన్ని ఉన్నా వాటిని ఎవరూ పట్టించుకోరు. మీ పాత సార్‌ని అడగండి. ‘నా గురించి నాలుగు మాటలు రాయండి’ అంటే ఏదో పొగడ్త రాసి పంపుతారు. ‘ఆ నాలుగేళ్లలో గడువు దాటకుండా ఎలా నడిపానో రాయగలరా సార్’ అని అడిగితే పనికొచ్చేది వస్తుంది. అయితే ఆయన క్లయింట్లకు మాత్రం మీరుగా మెసేజ్ పెట్టొద్దు. వాళ్లంతట వాళ్లు వస్తే, ముందు ఆయనకు ఒక మాట చెప్పి తీసుకోండి. విజయవాడలో ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ ఒకరికొకరు తెలుసు.

లింక్డ్‌ఇన్ ప్రీమియం ఇప్పుడే కొనకండి. ప్రొఫైల్ లింక్‌లో పేరు తర్వాత ఉన్న అంకెలు తీసేసి, విజిటింగ్ కార్డు మీద వేయగలిగేలా మార్చుకోండి. ఎవరైనా మెసేజ్ పెడితే, ఫీజు ఎంతో చెప్పే ముందు కిందటి మూడు నెలల రిటర్నులు వేసి ఉన్నాయా, ఏవైనా నోటీసులు పెండింగ్‌లో ఉన్నాయా అని అడగండి. ఎవరో వదిలేసిన పాత చిక్కులు విప్పడానికి వారాలు పడుతుంది, దానికి నెలవారీ ఫీజు సరిపోదు. ఆ పనికి విడిగా రేటు చెప్పండి.