గ్రూపుల్లో కూర్చోబెడితే గోల, వరుసల్లో కూర్చోబెడితే నిద్ర

తరగతి గదిలో క్రమశిక్షణ గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి జవాబులు.

ప్రశ్న: జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిదో తరగతికి భౌతికశాస్త్రం చెబుతున్నాను. 52 మంది పిల్లలు. పాఠం పిల్లల చుట్టూ తిరగాలి, గ్రూపులు చేయించండి అని ట్రైనింగులో చెప్పారు. చేయిస్తే క్లాసు సంతలా తయారవుతోంది. పక్క క్లాసు మాస్టారు గుమ్మం దాకా వచ్చి చూసి పోతున్నారు. 'క్లాసు మీ చేతిలో లేదమ్మా' అని హెచ్.ఎం. గారు అననే అన్నారు. బెత్తం పడితే తప్పు, పట్టకపోతే పాఠం సాగదు. ఏం చేయమంటారు?
– ఒక ఉపాధ్యాయిని, ఖమ్మం జిల్లా

జవాబు: విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో 35 మందికి ఒక టీచరు ఉండాలి. మీ దగ్గర 52 మంది ఉన్నారు. కాబట్టి మీకు చేతకాక గోల పుడుతోందని అనుకోకండి. గ్రూపు పని తేలికని ఎవరైనా చెప్పి ఉంటే మాత్రం తప్పు చెప్పారు. నిలబడి పాఠం చెప్పేటప్పుడు టీచరు గొంతే క్లాసును పట్టి ఉంచుతుంది. పిల్లల చేత పని చేయించేటప్పుడు ఆ గొంతు చాలదు, ముందుగా చేసుకున్న ఏర్పాటు కావాలి. చాలామంది గొంతు తగ్గిస్తారు, ఏర్పాటు మాత్రం చేయరు. గోల అక్కడే మొదలవుతుంది.

మొదటి వారం గ్రూపుల జోలికి వెళ్ళకండి. పక్కపక్కన కూర్చున్న ఇద్దరి చేత మూడు నిమిషాల పని చేయించండి. ఈ వారంలో వాళ్ళకి నేర్పాల్సింది ఒకే ఒక్కటి: మీరు చెయ్యెత్తగానే మాటలు ఆగాలి. 'సైలెన్స్' అని అరవకండి, బల్ల మీద డస్టర్ కొట్టకండి. చెయ్యెత్తి నిలబడండి, చూసినవాళ్ళు కూడా ఎత్తాలి. 52 మందీ ఆగేదాకా నోరు విప్పకండి. చాలామంది దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. నలభై మంది ఆగగానే పాఠం అందుకుంటారు, ఆగకపోయినా ఫరవాలేదని మిగతా పన్నెండు మందికి ఆ క్షణాన తెలిసిపోతుంది. మూడు రోజుల పాటు రోజుకు పది నిమిషాలు ఇదే సాధన చేయించండి. సిలబస్ వెనకబడుతుందని భయపడకండి, ఆ అరగంట నెలలోపే తిరిగొస్తుంది.

రెండో వారం నలుగురేసి గ్రూపులు. బెంచీలు జరపక్కర్లేదు. ముందు బెంచీలో ఇద్దరు వెనక్కి తిరిగితే వెనక ఇద్దరితో కలిసి నలుగురవుతారు. మీకు 13 గ్రూపులు వస్తాయి. తిరిగినవాళ్ళ వీపు బోర్డు వైపు ఉంటుంది కాబట్టి బోర్డు మీద చూపించాల్సిందంతా వాళ్ళు తిరగకముందే అయిపోవాలి. ఆరుగురు, ఏడుగురు వద్దు. ఆరుగురిలో ఇద్దరు పని చేస్తే నలుగురు చూస్తూ కూర్చుంటారు, కాసేపయ్యాక ఆ చూడటం కూడా ఉండదు.

మీ సబ్జెక్టులోనే ఘర్షణ పాఠం తీసుకుందాం. గ్రూపుకి ఒక రబ్బరు బ్యాండ్, ఒక స్కేలు, ఒక లావు నోట్‌బుక్కు. పుస్తకానికి బ్యాండ్ తగిలించి మెల్లగా లాగాలి. పుస్తకం కదలబోయే ముందు బ్యాండ్ ఎంత పొడవు సాగిందో కొలవాలి. ఒకసారి నున్నటి బెంచీ మీద, ఒకసారి మడత పెట్టిన తువ్వాలు మీద, ఒకసారి పుస్తకం పైన జామెట్రీ బాక్సు పెట్టి. 45 నిమిషాల పీరియడు ఇలా సరిపోతుంది: హాజరు, నిన్నటి పాఠం గుర్తు చేయడం 5, మీరు చెప్పేది 10, పని వివరించడం 3, గ్రూపు పని 12, మూడు గ్రూపులు లేచి చెప్పడం 8, ఎవరికి వారు నోటుబుక్కులో రాయడం 5, సర్దడం 2. పదమూడు గ్రూపుల చేతా చెప్పించబోతే అక్కడికే పీరియడు చెల్లు. ఏ మూడు గ్రూపులు చెప్పాలో ముందే ప్రకటించకండి, మిగతా పది గ్రూపులు పెన్నులు పడేస్తాయి. ఒక గ్రూపు సెంటీమీటర్లను ఇంకో గ్రూపుతో పోల్చనివ్వకండి. బ్యాండ్లన్నీ ఒకేలా సాగవు, 'మాది కరెక్ట్, మాది కరెక్ట్' అని కొట్టుకుంటారు.

వివరణ పూర్తయ్యేదాకా బ్యాండ్లు చేతికివ్వకండి. చెప్పించడం మొదలుపెట్టకముందే 13 బ్యాండ్లూ లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి. ఎనిమిదో తరగతి పిల్లాడి చేతిలో రబ్బరు బ్యాండ్ ఏమవుతుందో మీకు మేం చెప్పాలా!

ఏం చేయాలి, ఎన్ని నిమిషాలు, చివర్లో ఏం చూపించాలి – ఈ మూడూ బోర్డు మీద రాసి ఉండాలి. నోటితో చెప్పి వదిలేస్తే 'ఏం చేయాలి మేడం' అని పదిమంది లేస్తారు. చదివేవారు, కొలిచేవారు, రాసేవారు, చెప్పేవారు అని నలుగురికీ నాలుగు పనులు పంచండి, వారం వారం మార్చండి. మార్చకపోతే ఫస్టు వచ్చే పిల్లే నాలుగూ చేసేస్తుంది.

గోల అంతా ఒకటి కాదు. ఉన్నట్టుండి చప్పుడు పెరిగిందంటే పని అయిపోయి ఉండాలి, లేదా అర్థం కాక వదిలేసి ఉండాలి. రెండు గ్రూపుల దగ్గర నిలబడి వింటే ఏదో తెలుస్తుంది. సగం మంది ముగించేస్తే పన్నెండు నిమిషాలు అన్నాం కదా అని చూడకండి, తొమ్మిదికే ఆపేయండి. పక్క క్లాసు మాస్టారికి మాత్రం ఫలానా రోజు, ఫలానా పీరియడు గ్రూపు పని ఉందని ముందే చెప్పండి. ఆయన కోపంలో న్యాయం ఉంది, ఆయనా పాఠమే చెప్పుకుంటున్నారు.

ప్రశ్న: నేను ఏడో తరగతి క్లాస్ లీడర్ని. సార్ లేనప్పుడు మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయమంటారు. రాస్తే ఫ్రెండ్స్ మాట్లాడటం మానేస్తున్నారు. రాయకపోతే సార్ నన్ను తిడతారు.
– ఒక విద్యార్థి, తెనాలి

జవాబు: నీ తప్పేం లేదు నాన్నా. ఈ పని నీకు అప్పజెప్పడమే బాలేదు. పేరు పక్కన ఒక చుక్క, మళ్ళీ మాట్లాడితే రెండో చుక్క, కిట్టనివాడికి మాట్లాడకపోయినా చుక్క! ఇది ప్రతి బడిలోనూ జరిగేదే. నీ ఫ్రెండ్స్‌కి కోపం వచ్చేదీ అందుకే. నువ్వు ఇంట్లో అమ్మకో నాన్నకో చెప్పు, వాళ్ళు సార్‌తో మాట్లాడతారు. మీ సార్ గారికి మా మాట: పిల్లాడి చేతికి మీ అధికారం ఇవ్వకండి, పని ఇవ్వండి. మీరు బయటికెళ్ళే పది నిమిషాలకి బోర్డు మీద ఐదు లెక్కలు రాసి, జవాబుల కాగితాలు సేకరించే బాధ్యత లీడర్‌కి అప్పగించండి. లీడర్‌ని కూడా రెండు వారాలకోసారి మార్చండి.

ప్రశ్న: ప్రైవేటు స్కూల్లో కొత్తగా చేరాను. కొట్టకూడదని తెలుసు. గుంజీళ్ళు, గోడకుర్చీ, బెంచీ ఎక్కించడం లాంటివి చేయించవచ్చా? మేనేజ్‌మెంట్ అభ్యంతరం పెట్టడం లేదు.
– బి.ఇడి. చదివిన యువకుడు, కరీంనగర్

జవాబు: చేయించకూడదు. మేనేజ్‌మెంట్ ఒప్పుకున్నంత మాత్రాన చట్టం ఒప్పుకోదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే విద్యా నియమాల్లో 122వ నియమాన్ని మార్చి బడుల్లో శారీరక దండనను నిషేధించారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపులనూ నిషేధించింది. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాల్లో బెంచీ మీద నిలబెట్టడం, కుర్చీలో కూర్చున్నట్టు గోడకి ఆనించి నిలబెట్టడం, మోకాళ్ళ మీద కూర్చోబెట్టడం పేరుపేరునా ఉన్నాయి. అంటే మన గోడకుర్చీ ఆ జాబితాలో ఉన్నట్టే. కులం ఎత్తి మాట్లాడటం, 'మొద్దు' అని అందరి ముందూ పిలవడం కూడా వేధింపే. బాలల న్యాయ చట్టం, 2015లోని 75వ సెక్షన్ కింద కేసు నడిస్తే మూడేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అప్పుడు పోలీసులు అడిగేది మేనేజ్‌మెంట్ పేరు కాదు, మీ పేరు.

మరి ఏం చేయవచ్చంటే, చేసిన తప్పుకి అతికే పని. బెంచీ మీద గీసినవాడు ఆ బెంచీ తుడవాలి. హోంవర్కు రాయనివాడు గేమ్స్ పీరియడులో మొదటి పది నిమిషాలు కూర్చుని రాయాలి. మొత్తం పీరియడు కోసేయకండి. డబ్బు జరిమానా అసలు వద్దు, అది కట్టేది పిల్లాడు కాదు. నియమాలు పిల్లలతో కలిసి రాసుకుంటే మంచిదే కానీ కొట్టుకోవడం, అవమానించడం, ప్రమాదకరమైన పనులు – ఈ మూడింటి మీద ఓటింగు లేదని ముందే తేల్చి చెప్పండి. మిగతావి నాలుగైదు చాలు, అవి కంటికి కనబడేలా ఉండాలి. 'క్రమశిక్షణతో మెలగాలి' అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. 'చెయ్యెత్తి, పేరు పిలిచాకే మాట్లాడాలి' అని రాయండి. శిక్షలు మాత్రం పిల్లల్నే నిర్ణయించమంటే యాభై గుంజీళ్ళకు తక్కువ చెప్పరు! తగ్గించే పని మీదే.

ప్రశ్న: మా బాబు ఆరో తరగతి. వాళ్ళ టీచరు కొట్టరు, గట్టిగా తిట్టరు. వాడికి భయం లేకుండా పోయింది. మా రోజుల్లో 'తోలు తీయండి మాస్టారూ' అని మా నాన్నే చెప్పి వచ్చేవారు. దండం దశగుణం భవేత్ అన్నారు కదా?
– ఒక తండ్రి, అనంతపురం జిల్లా

జవాబు: బెత్తం పనిచేయదని మేం అనం. మాస్టారు కనబడినంతసేపూ పనిచేస్తుంది. ఆయన మలుపు తిరగగానే ఆగిపోతుంది. తప్పు దాచడం, పక్కవాడి మీదికి నెట్టడం మాత్రం పిల్లాడు బాగా నేర్చుకుంటాడు. చదువులో వెనకబడ్డవాడే ఎక్కువ దెబ్బలు తింటాడు, బడి మానేసేదీ వాడే. బెత్తం నీడలో చదివి పైకొచ్చినవాళ్ళే ఇవాళ బెత్తం మంచిదని చెబుతున్నారు. మానేసినవాళ్ళు మనకి ఉత్తరాలు రాయరు.

అయితే మీ అనుమానం పూర్తిగా కొట్టిపారేయదగ్గదీ కాదు. కొట్టడం మానేసి దాని బదులు ఏమీ పెట్టని క్లాసులు ఉన్నాయి. మీరు చూడాల్సింది భయం ఉందా లేదా అని కాదు. రాయని హోంవర్కు గురించి టీచరు మర్నాడు అడుగుతున్నారా? చెప్పిన మాట మీద నిలబడుతున్నారా? నోటుబుక్కులు తిరగేస్తే ఎర్ర సిరా కనిపిస్తోందా? ఇవన్నీ ఉంటే నిశ్చింతగా ఉండండి. లేకపోతే వెళ్ళి అడగండి, కానీ 'నాలుగు తగిలించండి' అని మాత్రం చెప్పి రాకండి. ఇంట్లో 'మీ సార్‌తో చెప్తా ఉండు' అని బెదిరించడం కూడా ఆపేయండి.

ప్రశ్న: ప్రభుత్వం మారినప్పుడల్లా కొత్త పద్ధతి అంటారు. విద్యార్థి కేంద్రిత బోధన మన దగ్గర నిజంగా ఎక్కడైనా నిలబడిందా?
– డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) విద్యార్థిని, చిత్తూరు జిల్లా

జవాబు: మీ పొరుగునే ఉంది. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం వారు చిన్న పల్లె బడుల కోసం పాఠాల కార్డులు, 'నిచ్చెన' తయారు చేశారు. ఏ కార్డు తర్వాత ఏ కార్డో గోడ మీది నిచ్చెనలో ఉంటుంది. పిల్లాడు తన మెట్టు చూసుకుని, కార్డు తీసుకుని, ఏ గుంపులో కూర్చోవాలో ఆ గుంపులో కూర్చుంటాడు. వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో ఉన్నా గోల తక్కువ, ఎందుకంటే తర్వాత ఏం చేయాలో ప్రతివాడికీ తెలుసు. దీన్ని చూసి 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలుపెట్టారు, తర్వాత తమిళనాడు అంతటా ప్రాథమిక బడులకు తీసుకెళ్ళారు. అక్కడ గుంపులు ఆరు ఉండేవి: పూర్తిగా టీచరు సాయంతో, కొంత టీచరు సాయంతో, పూర్తిగా తోటివారి సాయంతో, కొంత తోటివారి సాయంతో, సొంతంగా, చివరిది మూల్యాంకనం.

అంతకుముందు 1980ల్లో బ్రిటన్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం వచ్చింది. మీ లెక్చరర్లలో పెద్దవాళ్ళు 'ఏపెప్' అంటే గుర్తుపడతారు. చేసి నేర్చుకోవడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని గదిలో ప్రదర్శించడం వంటి ఆరు సూత్రాలు దానికి మూలం. సూత్రాల్లో వంక పెట్టేదేమీ లేదు. చాలా బడుల్లో మిగిలింది మాత్రం తాడు మీద వేలాడే రంగు కాగితాలు. పిల్లలు గుండ్రంగా కూర్చుని, మెడలు తిప్పుకుని, ఎప్పట్లాగే బోర్డు మీది జవాబులు ఎక్కించుకున్నారు. తనిఖీకి వచ్చినవారికి కనబడేది ముందుగా మారుతుంది. కార్డు, వరుస, లెక్క ఉన్నచోట మిగతాదీ మారింది.

ప్రశ్న: మా ఏడో తరగతిలో ఒక అబ్బాయి రోజూ గొడవే. పిల్లల్ని కొడతాడు, పాఠం ఆపేస్తాడు. టి.సి. ఇచ్చి పంపేద్దామని స్టాఫ్ అంతా అంటున్నారు.
– ఒక ప్రధానోపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఎనిమిది పూర్తయ్యేదాకా పంపేయడానికి వీల్లేదు సార్. విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ దానికి ఒప్పుకోదు. 2019లో చేసిన సవరణ 5, 8 తరగతుల్లో అదే తరగతిలో ఉంచడం గురించి మాత్రమే, బహిష్కరణ మీద నిషేధం అలాగే ఉంది.

రెండు వారాల పాటు ఒక నోటుబుక్కు పెట్టండి. నాలుగు గళ్ళు: ఎప్పుడు, దానికి ముందు ఏం జరిగింది, ఏం చేశాడు, ఆ తర్వాత వాడికి ఏం దక్కింది. ప్రతి టీచరూ తన పీరియడులోనే రాయాలి, సాయంత్రం స్టాఫ్‌రూములో కూర్చుని గుర్తు తెచ్చుకుని రాస్తే పనికిరాదు. 'పైకి చదువు' అన్నప్పుడే గొడవ మొదలవుతుంటే, 'బయటికి పో' అన్నదే వాడికి కావలసిన ఫలితం. రెండో తరగతి వాచకంలో ఒక పేరా ఇచ్చి, ఎవరూ లేని చోట చదివించి చూడండి. చూపు, వినికిడి కూడా పరీక్ష చేయించండి.

ఇక వాడికి చనువున్న ఒక టీచరు రోజూ ప్రార్థనకు ముందు రెండు నిమిషాలు, లాంగ్ బెల్‌కి ముందు రెండు నిమిషాలు మాట్లాడాలి. లక్ష్యం ఒక్కటే పెట్టండి, ఉదాహరణకు మధ్యాహ్నం మొదటి పీరియడులో ఎవరి మీదా చెయ్యి వేయకపోవడం. కొట్లాట జరిగిన వెంటనే విచారణ మొదలుపెట్టకండి. విడదీసి, పావుగంట విడివిడిగా కూర్చోబెట్టి, ఆ తర్వాత ఒక్కొక్కరినీ వినండి. దెబ్బ తిన్న పిల్లాడి ఇంటికి అదే రోజు కబురు చేయండి, మీరు నోరు మెదపకపోతే వాళ్ళకి ఇంకోలా తెలుస్తుంది. ఈ అబ్బాయి తండ్రిని పిలిస్తే, బడి ఆవరణలోనే వాడిని కొట్టి చూపించకుండా మీరే అడ్డుపడాలి. ఇంట్లో హింస ఉందని అనుమానం వస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.

ఆరు వారాల తర్వాత నోటుబుక్కు మళ్ళీ తెరిచి గొడవలు లెక్కపెట్టండి. తగ్గకపోతే, చదవడం రాకపోవడమే కారణమని తేలితే, మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం నుంచి ఐ.ఇ.ఆర్.పి.ని (అలాంటి పిల్లలకు చదువు చెప్పే నిపుణులను) పిలిపించండి. వారు వచ్చేటప్పటికి ఆ నోటుబుక్కు, వాడు చదివిన పేరా, తప్పులు గుర్తుపెట్టిన కాగితం మీ బల్ల మీద సిద్ధంగా ఉంచండి.