తాతగారు అడిగిన ప్రశ్న ఏ కార్డులోనూ లేదు

ప్రశ్న: మా అమ్మాయి బెంగళూరులో బీఎస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరం చదువుతోంది. అణు వ్యర్థాలను ఏం చేయాలో సామాన్యులు చర్చించుకునేందుకు ఆటలు తయారుచేస్తానని, అదే తన వృత్తి అని అంటోంది. పాత శుభలేఖల వెనుక బొమ్మలు గీసి కార్డులు చేసింది. కోలార్ బంగారు గనుల్లో పనిచేసి రిటైరైన మా నాన్నగారితో ఆడించబోతే, ఆయన సగంలోనే కార్డు కింద పెట్టి, ‘ముందు నీళ్లు ఎటు పోతాయో చెప్పు’ అన్నారు. పిల్ల చిన్నబుచ్చుకుంది. మావారేమో ఆటలు అన్నం పెడతాయా అంటున్నారు. ఎమ్మెస్సీలో చేర్చమంటారా?
– ఒక తల్లి, కృష్ణరాజపురం

జవాబు: అమ్మా, మీ నాన్నగారు కార్డు కింద పెట్టిన క్షణంలోనే మీ అమ్మాయి ఆట ఫలించింది. ఆ గనులు 2001లో మూతపడ్డాయి, తర్వాత సొరంగాల్లో నీరు నిండింది. ఏళ్ల తరబడి ఆ లోతుల్లో పనిచేసిన మనిషికి రాతి సందుల్లో నీరు ఎలా నడుస్తుందో తెలుసు. పాతిపెట్టిన వ్యర్థాలను బయటికి మోసుకురాగలదీ ఆ నీరే. ఆ ప్రశ్నను కొత్త కార్డుగా రాసుకోమనండి.

ఆయన మాట వెనుక ఊరి జ్ఞాపకం కూడా ఉండవచ్చు. 1980లలో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు కోలార్ గనిలో సుమారు వెయ్యి మీటర్ల లోతున విద్యుత్ హీటర్లు పెట్టి, అణు వ్యర్థాలు వెలువరించే లాంటి వేడికి రాయి ఎలా మారుతుందో పరిశీలించారు. 2012లో కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం కేసు సుప్రీంకోర్టులో నడుస్తుండగా, వ్యర్థాలను ఈ గనుల్లోనే పాతిపెడతారన్న మాట బయటికి పొక్కింది. జనం రోడ్డెక్కారు. అలాంటి ఆలోచన లేదని ప్రభుత్వం చెప్పింది. అక్కడితో మాటలు ఆగిపోయాయి. భయపడ్డవాళ్లూ శాస్త్రం తెలిసినవాళ్లూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఉంటే ఎంత బాగుండేదని నేను ఇప్పటికీ అనుకుంటాను.

యూరప్‌లో అలాంటి బల్ల వేశారు. సైటెక్స్ అనే బృందం ‘పెప్’ అనే ఆటను రూపొందించింది. వ్యర్థాలను భూగర్భంలో పాతడమా, పైన ఉంచి తరతరాలు కాపలా కాయడమా వంటి దారులను తీసుకుని, ముందుముందు ఎదురుకాగల పరిస్థితుల్లో ఏది నిలుస్తుందో ఆటగాళ్లు వాదించుకుంటారు. ఇందులో గెలుపోటములు లేవు. ఎదుటివారు దేనికి భయపడుతున్నారో తెలుసుకోవడమే ముఖ్యం.

ఇలాంటి ఆటకు ఫిజిక్స్ ప్రాణం. మన దేశంలో వాడిన ఇంధనాన్ని శుద్ధి చేశాక మిగిలే తీవ్రమైన ద్రవ వ్యర్థాన్ని గాజుతో కలిపి కరిగించి, ఉక్కు డబ్బాల్లో గట్టిపరుస్తారు. ట్రాంబే, తారాపూర్, కల్పాక్కంలలో ఆ ప్లాంట్లు ఉన్నాయి. ఆ వ్యర్థంలో ఉండే సీజియం-137 అర్ధాయువు (సగానికి తగ్గే కాలం) సుమారు 30 ఏళ్లు. అంటే 300 ఏళ్లకు అది వెయ్యో వంతుకు తగ్గుతుంది. ప్లుటోనియం-239 అర్ధాయువు 24 వేల ఏళ్లకు పైమాటే. ఈ తేడా చేతికి తెలిసేలా కార్డు గీయలేని ఆట జనాన్ని ఉత్తినే భయపెడుతుంది, లేదా ఉత్తినే ఊరడిస్తుంది. రెండూ తప్పే.

ఇక మీవారి ప్రశ్న. అణు వ్యర్థాల ఆటలు చేసేవారు కావాలని మన దగ్గర ఎవరూ ప్రకటన ఇవ్వరు. ఈ మాట అమ్మాయికి దాచకుండా చెప్పండి. కానీ సంక్లిష్టమైన విషయాన్ని పదిమంది చేత మాట్లాడించే నేర్పు నీటి పథకాలకు, ప్రజారోగ్యానికి, సైన్స్ మ్యూజియాలకు, శిక్షణ సంస్థలకు అక్కరకొస్తుంది. కాబట్టి డిగ్రీని బాగా పూర్తిచేయాలి. ఆ తర్వాత ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) బెంగళూరు ప్రాంగణంలోని డిజిటల్ గేమ్ డిజైన్ పీజీ కోసం దాని ప్రవేశ పరీక్ష డాట్ రాయవచ్చు. అర్హతలు ఆ ఏటి ప్రకటనలో చూసుకోండి. సీటు రాకపోతే ఎమ్మెస్సీ ఫిజిక్స్, దాని మీద రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా. ఆసుపత్రుల్లో రేడియేషన్ భద్రత చూసే ఉద్యోగాలకు అది దారి, ఈ చర్చలో ఆమె మాటకు బరువునిచ్చే చదువు కూడా. ఎమ్మెస్సీలో ఇప్పుడే బలవంతంగా చేర్చవద్దు.

ఈలోగా ఒక పని చేయించండి. పది బల్లల దగ్గర పది రకాల మనుషులతో ఆడించి, ఎవరు ఎక్కడ ఆగారో, ఏమడిగారో నోటుపుస్తకంలో రాసుకోమనండి. ఇంటర్వ్యూలో అందమైన బొమ్మలకన్నా ఆ పుస్తకమే ఎక్కువ మాట్లాడుతుంది. మొదటి పేజీలో తాతగారి ప్రశ్న, తేదీ వేసి. రెండో ఆటకు వాళ్ల నాన్నగారిని కూర్చోబెట్టమనండి.